పార్టులకి పాత మిషన్ విప్పాలా, సర్ప్లస్ కొనాలా, కొత్తవే తెచ్చుకోవాలా?

బల్ల మీద వాడుకోడానికి ఒక పవర్ సప్లై కట్టాలనుకున్నారు. ట్రాన్స్‌ఫార్మరు, హీట్‌సింకు, రెండు పెద్ద కెపాసిటర్లు, ఒక రేకు డబ్బా కావాలి. అటక మీద పాడైన యాంప్లిఫయర్ ఉంది, అందులో ఇవన్నీ ఉన్నాయి. స్క్రాప్ షాపులో పాత బోర్డులు కిలోల లెక్కన తూస్తారు. సర్ప్లస్, అంటే ఫ్యాక్టరీల్లో మిగిలిపోయిన సరుకు, అమ్మేవాళ్ల దగ్గర సీలు విప్పని సంచులున్నాయి. ఆన్‌లైన్‌లో “బోర్డు నుంచి తీసినవి, పరీక్షించినవి” అని ఫొటో పెట్టి అమ్ముతున్నారు. ఇవేవీ వద్దంటే కంపెనీ డీలరు దగ్గర కొత్తవి ఉండనే ఉన్నాయి.

ఈ ఐదింట్లో ఏది చవక అని అడిగితే జవాబు తేలిక, కానీ ఆ జవాబుతో పని జరగదు. నేను చూసేది ఒకటే: ఈ పార్టు బాగుందో లేదో నా బల్ల మీద, నా దగ్గరున్న మీటరుతో తేల్చుకోగలనా? తేల్చుకోగలిగితే చెత్తకుప్పలో దొరికినా తెచ్చుకుంటాను. తేల్చుకోలేకపోతే ఊరికే ఇచ్చినా వద్దంటాను. కింద రాసిందంతా ఈ లెక్క మీదే నడుస్తుంది.

## ముందు చూసుకోవాల్సినవి

ఇదేంటో తెలుస్తుందా? రెసిస్టర్ మీద రంగుల గీతలుంటాయి, ట్రాన్స్‌ఫార్మర్‌ని మీటరుతో కొలవొచ్చు. ఐసీకి (చిప్పుకి) మాత్రం దాని మీదున్న నంబరే ఆధారం, అదీ ఒక్కోసారి దారి తప్పిస్తుంది. పెద్ద కంపెనీలు మామూలు చిప్పుల మీదే తమ సొంత నంబర్లు వేయించుకునేవి. హ్యూలెట్ ప్యాకార్డ్ పాత టెస్టు పరికరాలు విప్పితే ఐసీల మీద 1820తోనో 1826తోనో, ట్రాన్సిస్టర్ల మీద 1853తోనో 1854తోనో మొదలయ్యే నంబర్లు కనిపిస్తాయి. అవి ఏ మామూలు పార్టులో చెప్పే పట్టికలు దొరుకుతాయి కాబట్టి ఆ కంపెనీ సరుకు ఫరవాలేదు. అలాంటి పట్టిక లేని కంపెనీ బోర్డైతే ఆ చిప్పులతో పనిలేదు.

నంబరు పక్కన ఇంకో నాలుగంకెలుంటాయి, అది తయారీ తేదీ. 8531 అంటే 1985లో 31వ వారం. 1970ల నాటి లాజిక్ చిప్పుల దగ్గర దీనితో సరదా వస్తుంది: 7432 అని కనిపిస్తే అది నాలుగు ఆర్ గేట్ల చిప్పా, లేక 1974లో 32వ వారమా? రెండో వరస కూడా చదివితే గానీ తెలీదు.

ఎలా ముసలిదవుతుంది? కార్బన్ ఫిల్మ్, మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు, ఫిల్మ్ కెపాసిటర్లు, డయోడ్లు, ఇనుప కోరు ట్రాన్స్‌ఫార్మర్లు ముప్పై ఏళ్లయినా దాదాపు అలాగే ఉంటాయి. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఉండవు. 105 డిగ్రీల దగ్గర 2000 గంటలు అని రాసి ఉంటే, వేడి ప్రతి పది డిగ్రీలు తగ్గినకొద్దీ ఆయుష్షు రెట్టింపవుతుందని స్థూలంగా లెక్కేస్తారు. పాత పరికరంలో అది ఎంత వేడిలో ఎన్నేళ్లు ఉడికిందో మీకు తెలీదు. పైగా 1999 నుంచి 2007 దాకా వచ్చిన కంప్యూటర్ బోర్డుల్లో చెడ్డ ఎలక్ట్రోలైట్‌తో చేసిన కెపాసిటర్లు చాలా ఉన్నాయి, తల ఉబ్బి పేలినవి. ఆ కాలపు మదర్‌బోర్డు దొరికితే కెపాసిటర్ల కోసం సోల్డరింగ్ ఐరన్ వేడి చేయొద్దు.

ఇంకోటి దొరుకుతుందా? ఒక్కటే చేసేటప్పుడు ఇది పెద్ద ప్రశ్న కాదు. పది చేసేటప్పుడు ఇదే మొదటి ప్రశ్న.

విప్పడానికి పట్టే సమయం. దీన్ని ఎవరూ లెక్కలో వేయరు. ఒక బోర్డు నుంచి నలభై రెసిస్టర్లు ఊడదీయడానికి ఒక సాయంత్రం పోతుంది. చివరికి చేతిలో మిగిలేవి కాళ్లు పొట్టివైపోయి, సోల్డర్ లేకుండా గుచ్చి సర్క్యూట్ కట్టే బ్రెడ్‌బోర్డులో దిగనివి.

ప్రమాదం. ఇది ఎక్కడ వస్తే అక్కడే చెబుతాను.

## ఇంట్లో పాత పరికరం విప్పడం

నాకు బాగా ఇష్టమైనది ఇదే. ఇందులో ఉన్న అసలు లాభం మెకానికల్ సామానులో ఉంది. చాలామంది బోర్డు చూసి మురిసిపోయి, రాడ్లూ బెల్టులూ పారేస్తారు.

ఫ్లాట్‌బెడ్ స్కానర్ తీసుకోండి. పది నిమిషాల్లో విప్పేస్తారు: ఒక స్టెప్పర్ మోటార్ (మెట్టు మెట్టుగా తిరిగేది), దానికి గేర్లు, ఒక పళ్ల బెల్టు, అద్దంలా మెరిసే ఒక స్టీలు రాడ్డు, దాని మీద జారే బండి. చిన్న ప్లాటర్‌లో (పెన్నుతో బొమ్మలు గీసే మిషన్‌లో) సగం మీ ముందు పెట్టినట్టే.

ఇంక్‌జెట్ ప్రింటర్ వేరే కథ. స్క్రూలన్నీ తీశాక కూడా పై కేసు ఊడదు, ప్లాస్టిక్ కొక్కేలు రెండు ఎక్కడో పట్టుకునే ఉంటాయి. అడుగున ఫెల్టు పలక ఒకటుంటుంది, హెడ్డు శుభ్రం చేసినప్పుడల్లా వదిలిన ఇంకంతా పీల్చుకుని. మొదటిసారి దాన్ని అటూ ఇటూ వంచి చూశాను. చేతులు నాలుగు రోజులు నీలంగా ఉన్నాయి. బల్ల మీద ఆ మరక ఇప్పటికీ ఉంది. పాత ప్రింటర్లయితే స్టెప్పర్లు దొరుకుతాయి. తర్వాతి వాటిలో హెడ్డుని నడిపేది మామూలు డీసీ మోటారు. ఎక్కడుందో చెప్పడానికి సన్నటి గీతలున్న పారదర్శక పట్టీ, దాన్ని చదివే సెన్సరు ఉంటాయి. స్టెప్పర్ల ఆశతో విప్పినవాళ్లు ఇక్కడ నిరాశపడతారు గానీ ఆ పట్టీ, సెన్సర్ జంట దాచుకోదగ్గది.

దొరికిన స్టెప్పర్ అంతా ఒక్కటి కాదు. త్రీడీ ప్రింటర్లలో వాడే నెమా 17 మోటారుకి ముఖం 42 మిల్లీమీటర్లు, రంధ్రాల మధ్య 31 మిల్లీమీటర్లు, మామూలుగా చుట్టుకి 200 మెట్లు. ఆఫీసు ప్రింటర్లలో ఉండే గుండ్రటి రేకు డబ్బా మోటార్లు చాలావరకు 7.5 డిగ్రీలవి, అంటే చుట్టుకి 48 మెట్లే. బొమ్మకి, కర్టెన్‌కి చాలు. మిల్లింగ్ మిషన్‌కి చాలదు. నాలుగు తీగల్లో ఏ రెండు జంటో తెలుసుకోడానికి మీటరు కూడా అక్కర్లేదు: రెండు తీగల కొసలు కలిపి పట్టుకుని షాఫ్టు వేళ్లతో తిప్పండి. ముందుకన్నా బిగుసుకుంటే అవి ఒకే కాయిల్‌వి.

హార్డ్ డిస్కులో నక్షత్రం తల స్క్రూలు తీస్తే రెండు నియోడిమియం అయస్కాంతాలు వస్తాయి. వేలు మధ్యలో ఇరుక్కుంటే చర్మం నలుగుతుంది, జాగ్రత్త. పళ్లేలు తిప్పే మోటారు మూడు ఫేజుల బ్రష్‌లెస్. తీసి పెట్టుకున్నవాళ్లు ఎక్కువ, వాడినవాళ్లు తక్కువ, నాతో కలిపి.

మైక్రోవేవ్ ఓవెన్ గురించి గట్టిగా చెప్పాలి. అందులో నిజంగా పనికొచ్చేవి చిన్న సామాన్లు: తలుపు దగ్గరుండే మైక్రోస్విచ్చులు, పళ్లెం తిప్పే నెమ్మది మోటారు, ఫ్యాను, వేడెక్కితే తెగే థర్మల్ కటౌట్లు. పెద్ద ట్రాన్స్‌ఫార్మరు రెండు వేల వోల్టుల పైన, ప్రాణం తీసేంత కరెంటు ఇస్తుంది. దాని పక్క కెపాసిటర్ ప్లగ్గు పీకేశాక కూడా చార్జి పట్టుకుని ఉండొచ్చు. అధిక వోల్టేజీ పని మీకు ఎవరైనా ఎదురుగా నిలబడి నేర్పకపోతే ఓవెన్ విప్పొద్దు. కెమెరా ఫ్లాష్‌లో 300 వోల్టుల కెపాసిటర్, పాత పిక్చర్ ట్యూబ్ టీవీలో ఇరవై వేల వోల్టుల పైన ఉండే తీగ కూడా ఈ కోవలోవే. కంప్యూటర్ పవర్ సప్లైలోనూ 230 వోల్టుల కరెంటుని డీసీ చేస్తే కెపాసిటర్ దగ్గర 325 దాకా ఉంటుంది. దాన్ని విప్పకుండా అలాగే వాడుకోవడం మేలు: ఆకుపచ్చ తీగని నల్ల తీగకి కలిపితే ఆన్ అవుతుంది, పసుపు 12, ఎరుపు 5, నారింజ 3.3 వోల్టులు. పవర్ సప్లై కడదామనుకున్నవాళ్లలో సగం మందికి ఇదే సరిపోతుంది.

పొగ అలారాల్లో అయొనైజేషన్ రకానివి అసలు తెరవొద్దు, వాటిలో అమెరీషియం అనే రేడియోధార్మిక పదార్థం ఉంటుంది.

## స్క్రాప్ షాపు

మీ ఇంట్లో పాడయ్యే పరికరాలు ఎన్నుంటాయి? అవి అయిపోయాక వచ్చే చోటు ఇది. ఇక్కడ కొనాల్సింది విడి బోర్డులు కాదు, మొత్తం మిషన్లు. విడి బోర్డుకి ముందూ వెనకా తెలీదు: ఏ వోల్టేజీ మీద నడిచేది, ఏ కనెక్టరు దేనికి, కాలిపోయి వచ్చిందా, మోడల్ పాతబడి వచ్చిందా. మిషన్ మొత్తంగా ఉంటే వెనకాల పేరుపలక ఉంటుంది, దాని మీద మోడల్ నంబరు ఉంటుంది, దాంతో సర్వీస్ మాన్యువల్ దొరికే అవకాశముంటుంది. లాప్‌టాప్ తెర కూడా అంతే. వెనక ప్యానెల్ నంబరు చదవగలిగితే దానికి సరిపడే కంట్రోలర్ బోర్డు తెప్పించి మానిటర్ చేసుకోవచ్చు. నంబరు చెరిగిపోతే అది గాజు పలకే.

షాపులో నిలబడి చేయగలిగే పరీక్షలు కొన్నున్నాయి. బేరింగుని వేలి మీద తిప్పి చెవి దగ్గర పెట్టండి, గరగరమంటే వదిలేయండి. రాడ్డుని చదునైన బల్ల మీద దొర్లిస్తే వంకర వెంటనే తెలుస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్‌ని వాసన చూడండి. కాలిన వార్నిష్ వాసన దాచడం ఎవరి తరమూ కాదు. ఇంటికి తెచ్చాక మొదటిసారి మెయిన్స్ ఇచ్చేటప్పుడు సిరీస్ బోర్డులో బల్బు వేసి ఇవ్వండి. బల్బు ఒక్క క్షణం మెరిసి మసకబారితే సరే, నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు.

లాప్‌టాప్ బ్యాటరీ ప్యాకుల్లోని 18650 అనే గుండ్రటి లిథియం సెల్స్ కోసం చాలామంది స్క్రాప్ షాపుకే వెళ్తారు. ప్యాకులో ఒక జత చచ్చినా మిగతావి బాగుండొచ్చన్నది నిజమే. కానీ ఇది కొత్తవాళ్ల పని కాదు. రెండు వోల్టుల కిందకి పడిపోయిన సెల్‌ని బతికించే ప్రయత్నం నేను చేయను, మీరూ చేయొద్దు. సొట్ట పడినదీ, చుట్టూ ప్లాస్టిక్ చిరిగినదీ అంతే. కెపాసిటీ కొలిచే చార్జరు, మంట అంటుకోని చోటు రెండూ లేకపోతే ఈ దారి మూసేసుకోండి.

## సర్ప్లస్

హాబీ ఎలక్ట్రానిక్స్‌లో సర్ప్లస్ అన్న మాటకి పెద్ద చరిత్రే ఉంది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక సైన్యం వదిలించుకున్న విమానాల రేడియో సెట్లని అమెచ్యూర్ రేడియోవాళ్లు కొని, తమ బ్యాండ్లకి మార్చుకుని ఏళ్ల తరబడి వాడారు. ఇప్పుడు సర్ప్లస్ అంటే ఎక్కువగా ఫ్యాక్టరీలో మిగిలినది: మోడల్ ఆగిపోయింది, ఆర్డర్ రద్దయింది, గిడ్డంగి ఖాళీ చేస్తున్నారు. సరుకు కొత్తదే, వాడనిదే. కాళ్లు పూర్తి పొడవుంటాయి, అన్నీ ఒకే బ్యాచ్. విప్పే శ్రమ లేదు.

ఇందులో ఉన్న తిరకాసు ఏంటంటే, ఆ సరుకు ఎవరికీ అక్కర్లేక అక్కడికి వచ్చింది. ఎందుకు అక్కర్లేకపోయిందో మీరు కనుక్కోవాలి.

నేను ఒకసారి రిలేల సంచి తెచ్చుకున్నాను. సీలు విప్పలేదు, కాంటాక్టులు 10 ఆంపియర్లవి, పైన 24 అని ఉంది. ఇంటికొచ్చి 24 వోల్టుల డీసీ ఇస్తే టక్కుమని లాగింది. పావుగంట తర్వాత ముట్టుకుంటే వేలు చురుక్కుమంది. భూతద్దంతో చూస్తే 24 పక్కన వెంట్రుకంత అల గుర్తు: ఏసీ కాయిల్. ఏసీ కాయిల్‌కి డీసీలో అడ్డు తక్కువ కాబట్టి కరెంటు ఎక్కువ లాగి కాలుతుంది. అమ్మినవాడి తప్పేం లేదు, సంచి మీద రాసే ఉంది. చదవనిది నేనే.

ఇంతకన్నా పెద్ద ఉచ్చు సర్వో మోటార్లు. ఫ్యాక్టరీ మిషన్ల నుంచి వచ్చిన మంచి సర్వో మోటారు చేతిలో పట్టుకుంటే వదలబుద్ధి కాదు. కానీ దాని ఎన్‌కోడర్ (మోటారు ఎంత తిరిగిందో చెప్పే సెన్సరు) ఆ కంపెనీ డ్రైవ్‌తో తప్ప ఎవరితోనూ మాట్లాడకపోవచ్చు. మోటారు, డ్రైవ్, మధ్య కేబుల్ మూడూ కలిపి దొరికితేనే కొనండి. లీనియర్ రైళ్లు, బాల్ స్క్రూలకి ఈ బెడద లేదు, వాటికి ఎవరితోనూ మాట్లాడే పని లేదు. మెకానికల్ సర్ప్లస్ నిశ్చింతగా కొనొచ్చు, తుప్పు చూసుకుంటే చాలు.

చాలా పాత సరుకులో రెండు విషయాలు గుర్తుంచుకోండి. అమెరికాలో 1979లో పీసీబీ నూనెల (సర్క్యూట్ బోర్డు కాదు, పాలీక్లోరినేటెడ్ బైఫినైల్ అనే విష రసాయనం) తయారీని నిషేధించారు. అంతకు ముందటి నూనె కెపాసిటర్లు కారుతుంటే ముట్టుకోవద్దు. యుద్ధకాలపు మీటర్ల ముళ్లకీ అంకెలకీ రేడియం పూత ఉండొచ్చు. మెరుపు ఎప్పుడో ఆరిపోయినా రేడియం పోదు. అద్దం తీయకండి.

ఎన్నాళ్లో సంచిలో ఉన్న అధిక వోల్టేజీ ఎలక్ట్రోలిటిక్స్‌కి ఒక్కసారిగా పూర్తి వోల్టేజీ ఇవ్వకూడదు. పెద్ద రెసిస్టర్ ద్వారా మెల్లగా ఎక్కించి, లీకేజీ తగ్గుతుందో లేదో చూడాలి. తగ్గకపోతే చెత్తలోకి.

## ఆన్‌లైన్‌లో తెలియని అమ్మకందారు

ఇక్కడ నా సలహా పొట్టిది: పరికరాలు కొనండి, సెమీకండక్టర్లు కొనొద్దు. వాడిన ఆసిల్లోస్కోపు పని చేస్తుందో లేదో మీకు పది నిమిషాల్లో తెలిసిపోతుంది. పవర్ ట్రాన్సిస్టర్ సంగతి మీ యాంప్లిఫయర్ కాలాకే తెలుస్తుంది. పాత చిప్పు పైపొర అరగదీసి, నల్ల రంగు పూసి, ఖరీదైన నంబరు ముద్రించే వ్యాపారం చాలా కాలంగా ఉంది. అసిటోన్ ముంచిన దూదితో రుద్దితే ఆ పూత కొన్నిసార్లు ఊడొస్తుంది, ఎప్పుడూ ఊడాలనేం లేదు. 2ఎన్3055 లాంటి పెద్ద ట్రాన్సిస్టర్ల టోపీ కోసి చూసినవాళ్లకి లోపల ఆవగింజంత సిలికాన్ ముక్క కనిపించిన సందర్భాలున్నాయి.

18650 సెల్ మీద కెపాసిటీ 9900 ఎంఏహెచ్ అని ఉంటే అది అబద్ధం, ఇంక వేరే పరీక్ష అక్కర్లేదు. పేరున్న కంపెనీల సెల్స్‌లో 3500 దగ్గరే మంచి కెపాసిటీ. తూకం కూడా చెబుతుంది: అసలైనవి 45 నుంచి 50 గ్రాముల మధ్య ఉంటాయి. చేతిలో పట్టుకుంటే తేలిగ్గా అనిపించేవి నకిలీలే.

## కొత్తది, డీలరు దగ్గర

ఫ్యూజులు, మెయిన్స్ స్విచ్చులు, మెయిన్స్ మీద వేసే ఎక్స్, వై రకం కెపాసిటర్లు, ఎలక్ట్రోలిటిక్స్, రెగ్యులేటర్లు, లిథియం చార్జింగ్ బోర్డులు ఎప్పుడూ కొత్తవే. దీని మీద నేను వాదించను.

## ఒక చూపులో

| పార్టు | నేను ఎంచుకునే చోటు | బల్ల మీద తేల్చే పరీక్ష |
|---|---|---|
| ఇనుప కోరు ట్రాన్స్‌ఫార్మర్ | పాత పరికరం, స్క్రాప్ | సిరీస్ బల్బు, లోడు పెట్టి వోల్టేజీ, గంట తర్వాత వేడి |
| హీట్‌సింకు, డబ్బా, స్క్రూలు | పాత పరికరం | కన్ను చాలు |
| రాడ్లు, బెల్టులు, బేరింగులు | పాత పరికరం, సర్ప్లస్ | దొర్లించడం, తిప్పి వినడం |
| స్టెప్పర్ మోటార్ | పాత పరికరం | తీగలు కలిపి తిప్పడం, మెట్లు లెక్కపెట్టడం |
| రిలేలు, స్విచ్చులు, కనెక్టర్లు | సర్ప్లస్ | కాయిల్ అడ్డు, కాంటాక్టు అడ్డు |
| రెసిస్టర్లు | కొత్తవి. పెద్ద వాట్లవి పాతవి | మీటరు |
| ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ | కొత్తది | ఈఎస్‌ఆర్ మీటరు (లోపలి అడ్డు కొలిచేది) ఉంటేనే పాతది |
| పవర్ ట్రాన్సిస్టర్, ఆప్ ఆంప్ (సిగ్నల్ పెంచే ఐసీ) | కొత్తది, లేదా తెలిసిన పరికరం నుంచి మీరే తీసినది | పూర్తి పరీక్ష కష్టం |
| లిథియం సెల్ | కొత్తది | కెపాసిటీ చార్జరు, తూకం |

ట్రాన్సిస్టర్ వరసలో “మీరే తీసినది” అని ఊరికే రాయలేదు. పేరున్న కంపెనీ యాంప్లిఫయర్ నుంచి మీ చేత్తో ఊడదీసిన 1980ల నాటి అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ అసలైనదని నమ్మకం ఎక్కువ. అదే నంబరుతో ఈరోజు తెలియనివాళ్లు అమ్మే కొత్తదాని మీద ఆ నమ్మకం నాకు లేదు. తయారీ ఆగిపోయిన పార్టులకి పాత పరికరమే కొత్త దుకాణం.

## మీరెవరు?

ఇప్పుడే మొదలుపెట్టినవాళ్లు పాత బోర్డుల నుంచి పార్టులు పోగేయకండి. సర్క్యూట్ పనిచేయకపోతే తప్పు మీ వైరింగుదా, పార్టుదా అన్నది మీకు తేలదు, ఆ అయోమయంలోనే చాలామంది మానేస్తారు. రెసిస్టర్ల సెట్టు, కెపాసిటర్ల సెట్టు కొత్తవి కొనుక్కోండి. విప్పడం నేర్చుకోవాలని ఉంటే బ్యాటరీతో నడిచే బొమ్మలూ, స్కానరూ విప్పండి.

మిషన్లు కట్టేవాళ్లకి, అంటే ప్లాటర్లూ చిన్న లేతులూ చేసేవాళ్లకి, సర్ప్లస్ మెకానికల్ సామాను మొదట, డ్రైవర్ బోర్డులు కొత్తవి. ముందు మోటారు చేతికొచ్చాక దాని చుట్టూ డిజైన్ గీయండి. డిజైన్ గీసి దానికి సరిపడే పాత మోటారు కోసం వెతికితే ఏడాది పోతుంది.

రిపేర్లు చేసేవాళ్లకి అదే మోడల్ పాడైన పరికరం ఇంకోటి కొనడమే అన్నిటికన్నా మంచి దారి. రెండు చచ్చిన పరికరాల్లోంచి ఒకటి బతుకుతుంది, మిగిలింది స్పేర్ల గని.

ఏదైనా పది చేసి నలుగురికి ఇద్దామనుకునేవాళ్లు కావలసిన సంఖ్యకన్నా కొంచెం ఎక్కువ ఒకే సంచిలో దొరికితేనే సర్ప్లస్ వైపు చూడండి. ఎనిమిది దొరికి రెండు తక్కువైతే ఆ రెండే మిమ్మల్ని తిప్పిస్తాయి.

## ఊడదీసేటప్పుడు

2006 జులై తర్వాత ఐరోపా నిబంధనల వల్ల చాలా బోర్డులు సీసం లేని సోల్డర్‌తో వచ్చాయి. అది 217 డిగ్రీల దగ్గర గానీ కరగదు, సీసమున్న పాత 63/37 సోల్డర్ 183 దగ్గరే కరుగుతుంది. అందుకని ఊడదీసే ముందు ప్రతి కాలుకీ కాస్త ఆ సీసమున్న సోల్డర్ కలపండి, ఫ్లక్స్ వేయండి, అప్పుడు సోల్డర్ పీల్చే పంపు పెట్టండి. బోర్డు మీది రాగి రేకు లేవకుండా వస్తుంది. ఎక్కువ కాళ్ల కనెక్టరైతే హాట్ ఎయిర్ (వేడి గాలి ఊదే గన్), కిటికీ తెరిచి.

నేను చిన్న పార్టులు ఇప్పుడు బోర్డు నుంచి తీయడం మానేశాను. బోర్డు మీదే ఉంచి, మోడల్ నంబరు మార్కరుతో రాసి, అవసరమైన రోజు కావలసింది ఒక్కటే తీస్తాను. మోటార్లకీ సెన్సర్లకీ మాత్రం కనెక్టరు, దాని ఎదురు కనెక్టరు రెండూ వేలెడు తీగతో కత్తిరించి అదే సంచిలో వేస్తాను. ఏ పరికరంలోంచి వచ్చిందో చీటీ రాసి పెడతాను. చీటీ లేని సంచులు నా దగ్గర ఇంకా ఒక డబ్బా నిండా ఉన్నాయి, మొదటి రెండేళ్లవి. వాటిలో ఒక ఐదు తీగల మోటారు ఉంది, అది దేనిదో ఇప్పటికీ గుర్తు రావడం లేదు.